కాంటా దగ్గర అంకెలు తారుమారు: డిస్లెక్సియానా, ధ్యాస లోపమా?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తున్న తమ్ముడు పెద్ద ఉత్తరమే రాశారు. సంగతి క్లుప్తంగా ఇది. వయసు 32. చిన్నప్పటి నుంచి చదవడం నెమ్మది. రాస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. డిగ్రీ సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాసి గట్టెక్కారు. రెండేళ్ల కింద ఒక సైకాలజిస్టు డిస్లెక్సియా అని చెప్పారు. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ధర్మకాంటా దగ్గర తూకాలు రాస్తుంటే అంకెలు తారుమారవుతున్నాయి. మొన్న 27,450 కిలోలు రాయాల్సిన చోట 24,750 రాశారట. ఎవరైనా పలకరిస్తే చేస్తున్న పని ఎక్కడ ఆపారో గుర్తుండదు. ఇంట్లోనూ మిల్లులోనూ ‘సోయి లేదు’ అనిపించుకుని విసిగిపోయారు. ఫోన్‌లో వీడియోలు చూశాక తనకు ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని లోపం) కూడా ఉందని అనుమానం మొదలైంది. మాత్రలు వాడాలా, డబ్బు కట్టి మెదడు వ్యాయామాల యాప్ తీసుకోవాలా, రెండో తరగతి చదివే కొడుక్కీ ఇది వస్తుందా, సేటుకు చెప్పాలా వద్దా అని అడిగారు. వాళ్లమ్మగారేమో ఇదంతా మన నల్లగొండ నీళ్ల వల్లే అంటున్నారట.

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్న సైకాలజిస్టును. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకుండా మీకు ఫలానాది ఉంది, ఫలానాది లేదు అని తేల్చి చెప్పను. అయినా ఉత్తరం చదివాక నాకు అనిపించింది ముందే చెప్పేస్తాను. మీకు సోయి తక్కువ ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఉన్న సోయిలో పెద్ద వాటా అక్షరాలు, అంకెలే తినేస్తున్నాయి. మిగిలిన కొంచెంతో మీరు ఫోన్ మాట్లాడాలి, హమాలీకి జవాబు చెప్పాలి, లారీ నంబర్ గుర్తుపెట్టుకోవాలి. అక్కడ తెగిపోతోంది. దీనితో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉందా అన్నది విడిగా చూడాల్సిన ప్రశ్న, దాన్ని తేల్చుకునే దారి ఉంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. రాసేటప్పుడు అది ముఖ్యమని మీకు అనిపించి ఉండదు. ‘రాత్రంతా ఒగ్గుకథ కూర్చుని వింటాను మేడం, ఎక్కడ ఏం జరిగిందో పొద్దున మా బాపుకు పూస గుచ్చినట్టు చెప్తాను’ అన్నారు. నేను అక్కడ ఆగిపోయాను. డిస్లెక్సియా గురించి వైద్య పత్రికలో వచ్చిన తొలి వివరాల్లో ఒకటి 1896 నాటిది. ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చదువంతా నోటితో చెప్పి చెవితో వినేదే అయితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడు అయ్యేవాడని ఆ పిల్లవాడి పంతులు అన్నాడట. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ మాట మీ ఒగ్గుకథ మాట పక్కన పెట్టి చూడండి.

డిస్లెక్సియా అంటే తెలివి తక్కువ కావడం కాదు, కళ్లు సరిగా లేకపోవడమూ కాదు. అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని సినిమాల్లో చూపించేది అసలు సంగతి కానే కాదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో జత కలపడం, ఆ జతను ఆలోచించకుండానే టకటకా బయటికి తీయడం, ఈ పనులు మెదడులో సాఫీగా సాగవు. తెలుగు లిపి మనకు కొంత మేలు చేస్తుంది. రాసినట్టే చదువుతాం కాబట్టి మన పిల్లలు తడుముకుంటూనైనా చివరికి సరిగానే చదివేస్తారు. ఇటాలియన్‌లోనూ అంతే. 2001లో ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల డిస్లెక్సియా పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి పోల్చారు. చదివేటప్పుడు మూడు దేశాల వాళ్లలోనూ ఎడమవైపు ఒకే ప్రాంతంలో చురుకు తక్కువగా కనిపించింది. కానీ తప్పులు ఎక్కువ చేసింది ఇంగ్లిష్, ఫ్రెంచ్ వాళ్లే. అంటే లోపల ఉన్నది అదే, బయటికి కనబడే తీరు భాషను బట్టి మారుతుంది. తెలుగు మీడియం పిల్లల్లో ఇది చాలాకాలం బయటపడదు. తప్పులు తక్కువ, నెమ్మది ఎక్కువ. నెమ్మదిని మన బళ్లలో ఎవరూ జబ్బుగా చూడరు, బద్ధకంగా చూస్తారు.

ఆ నెమ్మది వెనకాల ఉన్న ఖర్చే మీ ప్రశ్నకు మూలం. మామూలుగా చదివేవాడికి ‘వడ్లు’ అన్న మాట కంటపడగానే అర్థం దానంతట అదే వస్తుంది, ధ్యాస పైసా ఖర్చు కాదు. మీకు ప్రతిసారీ కొంత ఖర్చవుతుంది. మన దగ్గర బోరు సంగతి మీకు చెప్పాలా! అంగుళం నీళ్లు పోసే బోరుతో ఒక మడి బాగానే పారుతుంది. రెండో మడికి కూడా గండి కొడితే రెండూ సగం సగం ఎండుతాయి. నీళ్లు లేవని కాదు, రెండు పక్కలకూ ఒకేసారి చాలవు.

పరిశోధకులు దీన్ని ఎలా చూశారో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు చూసిన వీడియోల్లో సగం ఇక్కడే తప్పు దారి పట్టాయి. 1990లో బ్రిటన్‌లో నికల్సన్, ఫాసెట్ అనే ఇద్దరు డిస్లెక్సియా ఉన్న పిల్లలను ఒక దిమ్మె మీద నిలబెట్టారు. ఊరికే నిలబడమంటే అందరిలాగే నిలబడ్డారు. నిలబడి అంకెలు వెనక్కి లెక్కపెట్టమంటే తూలారు. చూశారా, వీళ్లకు ఏ పనీ అలవాటుగా మారదు, అన్నీ ధ్యాస పెట్టే చేయాలి అని వాళ్లు అర్థం చెప్పారు. చాలాకాలం నేనూ అదే చెప్పుకుంటూ తిరిగాను. తర్వాత 2003లో ఆస్ట్రియాలో రాబెర్గర్, విమ్మర్ ఇలాంటిదే చేసి డిస్లెక్సియా మాత్రమే ఉన్నవాళ్లను, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లను వేరు చేసి చూశారు. తూలడం ఏడీహెచ్‌డీతో ముడిపడి కనిపించింది గానీ డిస్లెక్సియాతో కాదు. ఈ రెండూ కలగలిసి ఉన్న గుంపును చూసి ఒకదాని మీద నింద వేస్తే ఇలాగే అవుతుంది.

కలగలిసి ఉండటం అరుదేమీ కాదు. రెండింటిలో ఒకటి ఉన్నవాళ్లలో సుమారు 25 నుంచి 40 శాతం మందికి రెండోది కూడా ఉంటుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. వంశంలో వచ్చే కారణాలు కొన్ని రెండింటికీ ఉమ్మడి. కాబట్టి మీ అనుమానం పనికిరానిదని నేను అనను. అయితే అదే లెక్కను తిప్పి చూస్తే, డిస్లెక్సియా ఉన్నవాళ్లలో సగానికి పైగా ఏడీహెచ్‌డీ లేనివాళ్లే. వాళ్లు కూడా మీలాగే ‘సోయి లేదు’ అనిపించుకుంటారు.

ఇంకో పరీక్ష ఉంది, 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ కనిపెట్టినది. ‘ఎరుపు’ అన్న మాటను పచ్చ సిరాతో రాసి, ఏ రంగు సిరానో చెప్పమంటారు. మాట నోటికి అడ్డం వస్తుంది, దాన్ని ఆపుకుని ‘పచ్చ’ అనాలి. అడ్డొచ్చేదాన్ని ఆపుకునే శక్తికి దీన్ని కొలతగా వాడతారు. చదవడం సరిగా రానివాడికి ఆ మాట అంత గట్టిగా అడ్డం రాకూడదు కదా, సులువుగా చెప్పేయాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. 2007లో గ్రీసులో బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో చదవడంలో వెనకబడినవాళ్లే ఎక్కువ తడబడ్డారు. నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, ఆ మాట వాళ్ల తలలోకి ఎలాగూ వస్తుంది, కాకపోతే నెమ్మదిగా, బరువుగా వస్తుంది. అందుకే దాన్ని పక్కకు నెట్టడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది. ఇలాంటి పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయని చూసి ‘నిగ్రహం తక్కువ’ అని రిపోర్టు రాస్తే, నిజానికి మనం కొలిచింది చదువునే.

ఈ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు, పెద్ద సంసారం, చిన్న ఉద్యోగం. కాగితం నిండా అక్షరాలుంటే అందులో ఒక అక్షరాన్ని వెతికి కొట్టేసే పరీక్ష ఇచ్చాను. అంకె, అక్షరం, అంకె, అక్షరం వరసగా గీత కలిపే పరీక్ష ఇచ్చాను. రెండింటిలోనూ ఘోరంగా వచ్చింది. ధ్యాస లోపం అని నీట్‌గా రాసిచ్చాను. ఆ కాగితం పట్టుకుని ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో, ఎన్ని మాటలు పడ్డాడో తర్వాత చెప్పుకుని ఏడ్చాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు బొమ్మలతో, చప్పుళ్లతో చేసే పరీక్షలు పెట్టాను. ఏ లోపమూ లేదు. అక్షరాల వరస తలలో సరిగా నిలవని మనిషికి అక్షరాల వరసతోనే ధ్యాస పరీక్ష పెట్టాను నేను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2004లో తెచ్చిన పరీక్షల సంపుటిలో కలర్ ట్రెయిల్స్ అని ఒకటి ఉంది. అందులో అక్షరాలకు బదులు రంగులుంటాయి. ఇప్పుడు నేను దానితోనే మొదలుపెడతాను. అంకెలు మాత్రం అందులోనూ ఉంటాయి, కాబట్టి అదొక్కటే పట్టుకుని వేలాడను. మీరు పరీక్షకు వెళ్లినప్పుడు ‘నాకు డిస్లెక్సియా ఉందని ఇదివరకే చెప్పారు, అక్షరాలు లేని పరీక్షలు కూడా పెడతారా’ అని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

పరీక్షకు వెళ్లేలోపు మీరే ఇంట్లో ఒక పని చేయొచ్చు. వారం రోజులు, పొరపాటు జరిగిన ప్రతిసారీ ఫోన్‌లో పది సెకన్లు మాట్లాడి రికార్డు చేసుకోండి. రాయొద్దు, రాయమంటే రెండో రోజే మానేస్తారు. ఏం పొరపాటు జరిగింది, అందులో అక్షరమో అంకెనో ఉందా, ఆ క్షణంలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారా, ఈ మూడూ చెబితే చాలు. వారం తర్వాత అన్నీ వరసగా వినండి. పొరపాట్లన్నీ కాంటా దగ్గర, కాగితం దగ్గర, మెసేజ్‌ల దగ్గరే ఉంటే అది ఒక కథ. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, బండి తాళం రోజూ వెతుక్కోవడం, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే అందుకోవడం, రేషన్ లైన్లో పది నిమిషాలు కుదురుగా నిలబడలేకపోవడం, ఇలా అక్షరం ముక్క లేని చోట్ల కూడా ఉంటే అది వేరే కథ.

ఇక్కడ ఒగ్గుకథ సంగతి మళ్లీ ఎత్తాలి. రాత్రంతా వింటున్నారు కాబట్టి ఏడీహెచ్‌డీ లేదని తేల్చేయకండి. ఇష్టమైనదాని మీద వాళ్లు కూడా గంటలు గంటలు కూర్చుంటారు. విసుగు పుట్టించే పని, అక్షరాలు లేని పని చూడాలి. సంచులు లెక్కపెట్టి పేర్చడం, రాత్రి మోటారు దగ్గర కాపలా, పెళ్లిలో వడ్డన. అక్కడ మీరెలా ఉంటారో మీ భార్యను అడగండి. మనకన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఏడీహెచ్‌డీ నిర్ధారించే పద్ధతికి లెక్క ఉంది. 2013 నాటి డీఎస్‌ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం నిర్ధారణ పుస్తకం) ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇల్లు, పని లాంటి రెండు చోట్లకు తక్కువ కాకుండా కనిపించాలి. పెద్దవాళ్లకైతే ధ్యాసకు చెందిన తొమ్మిది లక్షణాల్లో గానీ, నిలకడ లేకపోవడానికి చెందిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఐదు ఉండాలి. ముప్పై ఏళ్లకు, కొత్త ఉద్యోగంలో చేరాక మొదలైన మతిమరుపును ఏడీహెచ్‌డీ అనరు. నిద్ర, థైరాయిడ్, మందు తాగే అలవాటు, అప్పుల టెన్షన్ ముందు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన 18 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, మొదటి ఆరు ప్రశ్నలే వడపోతకు సరిపోతాయి. దాన్ని మీరు చదివి టిక్కులు పెట్టొద్దు, ఎవరితోనైనా చదివించుకుని నోటితో జవాబు చెప్పండి. చదవడం కష్టమైనవాడికి చదివే పట్టిక ఇచ్చి ధ్యాస కొలవడం ఎంత వింతో ఇందాకే చెప్పాను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి వాటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగానికి వెళ్లొచ్చు. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ప్రైవేటుగా వెళ్తే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. పక్కన కూర్చుని చిన్నప్పటి సంగతులు చెప్పడానికి అమ్మనో బాపునో వెంట తీసుకెళ్లండి. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే మరీ మంచిది.

మాత్రల గురించి సూటిగా. ఏడీహెచ్‌డీ ఉందని తేలితే మాత్రలు చాలామందికి బాగా పనిచేస్తాయి. మిథైల్‌ఫెనిడేట్, అటామోక్సెటిన్ లాంటివి సైకియాట్రిస్టు బీపీ, గుండె, నిద్ర చూసి మొదలుపెడతారు. డిస్లెక్సియాకు మాత్ర లేదు. ఏడీహెచ్‌డీ లేకుండా స్నేహితుడి మాత్ర అడిగి వేసుకుంటే అంకెలు సరిగా రావు, రాత్రి నిద్ర మాత్రం పోతుంది.

యాప్‌కు డబ్బు కట్టకండి. ఆ ఆటలు ఆడితే ఆ ఆటల్లో బాగా ఆడటం వస్తుంది. జ్ఞాపకశక్తి వ్యాయామాల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ కలిపి చూస్తే, ఆ లాభం చదువుకో లెక్కలకో పాకినట్టు కనిపించలేదు. రంగుల అద్దాలు, కళ్ల వ్యాయామాలు అని ఎవరైనా చెబితే అవి కూడా వద్దు. అమెరికా పిల్లల వైద్యులు, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే వాటికి ఆధారం లేదని ప్రకటించాయి.

ఇక కాంటా దగ్గర ఏం చేయాలి. మీకు నిజంగా పనికొచ్చేది ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మొదటిది, రాసేటప్పుడు వినకండి. ఎడమచెయ్యి పైకెత్తడం అలవాటు చేసుకోండి. చెయ్యి లేచి ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడించొద్దని హమాలీలకు, డ్రైవర్లకు చెప్పండి. నాలుగు రోజులు నవ్వుతారు, ఐదో రోజు అలవాటవుతుంది. నాకు తెలిసిన ఒక బస్సు కండక్టర్ టికెట్ కొట్టేటప్పుడు ఇదే చేస్తాడు, ఆ బస్సులో ఎక్కేవాళ్లందరికీ ఆ చెయ్యి తెలుసు.

రెండోది, కాంటా మీది అంకెను చూసి రాయకండి, ఫోన్‌తో ఫొటో తీసి ఆ ఫొటోను కాగితం పక్కన పెట్టుకుని రాయండి. కాంటా మీద అంకె మారిపోతుందన్న తొందర పోతుంది. లారీ వెళ్లిపోయినా ఆధారం మీ దగ్గరే ఉంటుంది. అంకెను ముక్కలుగా విడగొట్టి నోటితో అంటూ రాయండి, ‘ఇరవై ఏడు’ అని ఆగి, ‘నాలుగు వందల యాభై’. రాశాక కుడివైపు నుంచి ఎడమకు ఒక్కో అంకె మీద పెన్ను పెట్టి ఫొటోతో సరిచూడండి. ఎడమ నుంచి చూస్తే తలలో ఉన్నదే కాగితం మీద కనిపిస్తుంది.

పాత గుమాస్తాలకు తెలిసిన ఒక కిటుకు ఉంది, డిస్లెక్సియా ఉన్నవాళ్లకు అది వరం. సాయంత్రం మొత్తాలు కలవకపోతే తేడాను తొమ్మిదితో భాగించి చూడండి. నిశ్శేషంగా పోయిందంటే ఎక్కడో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయని అనుమానించాలి. మీ తేడా 2,700. తొమ్మిది మూడు వందలు. ఒక సంఖ్యలోని అంకెలను ఎలా అటూ ఇటూ చేసి రాసినా తేడా తొమ్మిదితో పోయి తీరుతుంది. తొమ్మిదితో పోకపోతే తారుమారు కాదు, ఇంకేదో ఉంది, మీ తప్పు అయి ఉండకపోవచ్చు కూడా.

మీ మిల్లులో బీహార్ హమాలీలు ఉన్నారని రాశారు. వాళ్లు సంచుల లెక్క హిందీలో అరుస్తారు కదా. ఒక సంగతి గమనించండి. మనం ‘ఇరవై ఏడు’ అంటాం, ఇరవై ముందు, ఏడు తర్వాత, రాసే వరసలోనే. వాళ్లు ‘సత్తాయీస్’ అంటారు, అందులో ఏడే ముందు వినిపిస్తుంది. విన్న వరసలోనే పెన్ను కదిలిందా, 72. దీని మీద అధ్యయనం చూసి చెప్పడం లేదు, నా దగ్గరికి వచ్చిన నలుగురైదుగురు దుకాణాల వాళ్లలో గమనించి చెబుతున్నాను. వాళ్లను ‘దో, సాత్’ అని విడివిడిగా చెప్పమనండి.

మూడోది, మతిమరుపు. పెద్దవాళ్ల డిస్లెక్సియాలో ఇది ఎవరూ పట్టించుకోని భాగం. లండన్‌లో స్మిత్-స్పార్క్ అనే పరిశోధకుడి బృందం ఏళ్ల తరబడి దీన్నే చూసింది. చదువుకు సంబంధం లేని రోజువారీ పనుల్లో కూడా, ‘తర్వాత చేయాలి’ అనుకున్నవి వీళ్లకు ఎక్కువ జారిపోతాయని, ముఖ్యంగా ఫలానా టైముకు చేయాల్సినవి జారిపోతాయని తేలింది. అన్నీ అక్షరాల నెత్తినే వేయలేమని దీన్నిబట్టి తెలుస్తుంది, ఆ మేరకు నేను మొదట చెప్పినదాన్ని కొంచెం సడలించుకుంటాను. అయినా దారి సులువే. టైముకు కట్టిన పనిని సంఘటనకు కట్టండి. ‘నాలుగింటికి ట్రక్ షీట్లు పంపాలి’ అని కాదు, ‘సాయంత్రం చాయ్ రాగానే ట్రక్ షీట్లు’. చాయ్ ఎలాగూ వస్తుంది, చాయ్ పోసే పిల్లాడే మీకు అలారం. సంఘటనకు కట్టలేని వాటికి ఫోన్‌లో అలారం పెట్టి, దానికి మీ గొంతుతోనే ‘అన్నా, ఆడిటర్‌కు ఫోన్ చెయ్యి’ అని రికార్డు చేసి పెట్టుకోండి. చదవాల్సిన అలారం మనకొద్దు.

పని మధ్యలో తప్పనిసరిగా లేవాల్సి వస్తే, లేచే ముందు తర్వాత రాయాల్సిన గడి మీద పెన్ను మూత పెట్టి లేవండి. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపానని తల కొట్టుకోనక్కర్లేదు. పొడవైన మెసేజ్‌లు ఫోన్‌తో చదివించుకుని వినండి, జవాబు మాట్లాడి టైప్ చేయించండి. ఇది మోసం కాదు. కళ్లద్దాలు పెట్టుకోవడం మోసమైతే ఇదీ మోసమే.

బుగులు సంగతి కూడా. తప్పు పోతుందేమోనన్న భయం తలలో కూర్చుంటే అది కూడా ఆ బోరు నీళ్లలోంచే తాగుతుంది. ఫొటో చేతిలో ఉంటే ఆ బుగులు సగానికి తగ్గుతుంది, నేను ఫొటో మీద అంత పట్టు పట్టేది ఇందుకే.

అమ్మగారి నీళ్ల మాటకు వస్తాను. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ కష్టం తక్కువది కాదు, మర్రిగూడ వైపు వంగిన కాళ్లు చూసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన చోట పిల్లల ఐక్యూ మీద ప్రభావం ఉందని అధ్యయనాలు కూడా ఉన్నాయి. కానీ డిస్లెక్సియా ఐక్యూకు సంబంధించింది కాదు, కృష్ణా నీళ్లు తాగినవాళ్లలోనూ, లండన్‌లో పుట్టినవాళ్లలోనూ ఉంది. ఇది ఎక్కువగా వంశంలో నడుస్తుంది. మీ బాపు తరఫునో అమ్మగారి తరఫునో ‘ఆయన ఎంత తెలివిగలవాడో, చదువు మాత్రం అబ్బలేదు’ అనిపించుకున్న ఒక మామో పెదనాన్నో ఉంటాడు, అడిగి చూడండి.

అందుకే బాబు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని భయపడనూ వద్దు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు సగం దాకా ఉంటుంది. రెండో తరగతిలో మ, య కలిసిపోవడం, ఒత్తులు పోవడం చాలామంది పిల్లలకు మామూలే. ‘కమల’లో ‘క’ అన్న చప్పుడు తీసేస్తే ఏం మిగులుతుంది అని ఆటలా అడగండి, ‘మల’ అనడానికి బాగా తడుముకుంటున్నాడా చూడండి. తడుముకుంటుంటే మూడో తరగతి దాకా ఆగకుండా చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఇది కూడా ఉంది. చదువులో ఇబ్బందిని చూసే నిమ్హాన్స్ పరీక్షల వరస (ఇందాక చెప్పింది కాదు, ఇది వేరు) పిల్లల కోసమే తయారైంది కాబట్టి సర్టిఫికెట్ పని బడి వయసులోనే తేలిక. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటి సౌకర్యాలు వాడికి ముందు ముందు పనికొస్తాయి.

చివరిది, సేటు. మీరు రాసిన దాన్ని బట్టి ఆయన చెడ్డవాడు కాదు, కోపిష్టి. ‘నాకు డిస్లెక్సియా ఉంది’ అని మొదలుపెడితే ఆయనకు అర్థం కాదు, ఉద్యోగానికి తగననుకునే ప్రమాదం ఉంది. పేరు చెప్పకుండా పని గురించి చెప్పండి. సీజన్ లేని రోజు, పొద్దున లెక్కలు చూసి తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లి, ‘సేటూ, రాసేటప్పుడు మాట్లాడిస్తే నాకు అంకె తప్పుతోంది. ఇకనుంచి ప్రతి లారీకి కాంటా ఫొటో తీసి పెడతాను, రాసేటప్పుడు ఒక్క నిమిషం నన్నెవరూ కదిలించొద్దని మీరొక మాట చెప్పండి’ అని అడగండి. ఫొటో మాట వినగానే ఆయన ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను, ఏ సేటుకైనా ఆధారం ఉంటే ఇష్టమే. ఒప్పుకోకపోతే వారం రికార్డులు విన్నాక మళ్లీ రాయండి, అప్పుడు చూద్దాం.